రద్దీ మొదలయ్యేలోపే: కాఫీ చెయిన్‌లో టెక్నాలజీ రిస్క్ చూసేవాళ్ళకి జాగ్రత్తలు

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు పాలసీలు చదువుకుంటూ ఉండగానే డిసెంబర్ సెలవుల సీజన్ నెత్తిన పడుతుంది. గిఫ్ట్ కార్డులు, తాత్కాలిక సిబ్బంది, యాప్‌లో కొత్త ఆఫర్లు, అన్నీ ఒకేసారి. అప్పుడు ఎవరిని ఏమడిగినా "సీజన్ అయ్యాక చూద్దాం" అంటారు కాబట్టి, అడగాల్సినవి ఇప్పుడే అడిగేయండి.

ముందు షాపుకి వెళ్ళండి. కార్డు మెషీన్ల జాబితా ఉంచాలని, వాటినెవరైనా మార్చారేమో ఎప్పటికప్పుడు చూడాలని పీసీఐ డీఎస్ఎస్ (కార్డు చెల్లింపుల భద్రతా నియమాలు) చెబుతుంది. జాబితా ఎక్సెల్ షీట్‌లో భేషుగ్గా ఉంటుంది. మీరు మాత్రం మెషీన్ తిరగేసి సీరియల్ నంబర్ సరిచూడండి, సీల్ స్టిక్కర్ అంచు లేచిందా, కార్డు పెట్టే చోట పైముక్క కదులుతోందా వేలితో తడిమి చూడండి. "రిపేరుకి వచ్చాం" అని ఎవరైనా వస్తే ఏం చేస్తావని కౌంటర్‌లో ఉన్న అమ్మాయిని అడగండి. ఆమె మేనేజర్ మొహం చూసిందంటే, డాష్‌బోర్డులో ట్రైనింగ్ ఎంత పచ్చగా కనిపించినా అది ఆమెదాకా రానట్టే. కస్టమర్లకిచ్చే వైఫైకీ బిల్లింగ్ నెట్‌వర్క్‌కీ సంబంధం లేదని మాటల్లో చెబితే ఒప్పుకోవద్దు, టెస్ట్ చేసిన రిపోర్టు చూపించమనండి.

నన్నడిగితే అసలు భయపడాల్సింది వెండార్లని, అంటే మనకి పనులు చేసిపెట్టే బయటి కంపెనీలని చూసి. 2013లో అమెరికాలోని టార్గెట్ అనే చెయిన్ స్టోర్లలో దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయింది సరిగ్గా సెలవుల రద్దీలోనే, దొంగలు లోపలికి వచ్చింది రిఫ్రిజరేషన్ పనులు చేసే కాంట్రాక్టర్ లాగిన్‌తో. 2024 నవంబర్‌లో బ్లూ యాండర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి (సిస్టమ్‌లకి తాళం వేసి డబ్బు అడగడం) జరిగితే, దాని సాఫ్ట్‌వేర్ వాడే స్టార్‌బక్స్‌లో మేనేజర్లు సిబ్బంది పనిగంటలు చేత్తో లెక్క రాసుకోవాల్సి వచ్చింది. అంటే కార్డులు భద్రంగా ఉన్నా సరిపోదు, జీతం లెక్కలు ఆగినా గొడవే. మీ షిఫ్టుల సాఫ్ట్‌వేర్ రెండు వారాలు పనిచేయకపోతే కాగితం మీద ఎలా నడుపుతారో ఒకసారి నడిపించి చూడండి. బయటివాళ్ళ రిమోట్ లాగిన్లలో అవసరం లేనివి ఆపేయించండి.

యాప్, వెబ్‌సైట్ సంగతి. పేమెంట్ పేజీలో నడిచే ప్రతి స్క్రిప్టూ (పేజీలో పెట్టే చిన్న కోడ్) అనుమతి ఉన్నదేనా, ఎందుకుందో రాసి ఉందా అన్నది పీసీఐ డీఎస్ఎస్‌లో 2025 మార్చి 31 నుంచి తప్పనిసరి అయింది. మార్కెటింగ్ వాళ్ళు ఆఫర్ కోసం ఎవరికీ చెప్పకుండా ట్యాగ్ అనే ఇలాంటి స్క్రిప్టు ఒకటి పెట్టేస్తారు (దురుద్దేశం ఏమీ ఉండదు పాపం, వాళ్ళ టార్గెట్ల టెన్షన్ వాళ్ళది), కాబట్టి ఇప్పుడే వాళ్ళతో కూర్చోండి. లాయల్టీ ఖాతాల్లో ఉండే డబ్బు కార్డు డేటా కిందకి రాదు గనక ఆడిట్ దాన్ని పట్టించుకోకపోవచ్చు, దొంగలు మాత్రం వదలరు. వేరేచోట లీకైన పాస్‌వర్డులు తెచ్చి ఇక్కడ వరసగా ప్రయత్నిస్తారు. ఒకేచోట నుంచి వందల లాగిన్లు విఫలమైతే అలర్ట్ వస్తుందా, అర్ధరాత్రి వస్తే చూసేదెవరో కనుక్కోండి.

చేంజ్ ఫ్రీజ్‌కి (రద్దీ రోజుల్లో సిస్టమ్‌లలో మార్పులు ఆపేయడం) ముందు వారం అందరూ తమ మార్పులు సిస్టమ్‌లోకి తోసేస్తారు. సగం టెస్ట్ చేసినవి ఎక్కువగా అప్పుడే వెళ్తాయి. ఫ్రీజ్ మొదలయ్యాక ప్రతి మార్పూ ఎమర్జెన్సీయే, ఆ అనుమతి ఎవరివ్వాలో పేరుతో సహా ముందే రాయించండి.

ఇక మీ గురించి మీరు తీసుకోవాల్సిన జాగ్రత్త. ఎక్సెప్షన్ (ఏదైనా నియమం నుంచి మినహాయింపు) కావాలని ఎవరొచ్చినా రిస్క్ ఏంటో రాసివ్వండి, ఒప్పుకుంటూ సంతకం మాత్రం ఆ విభాగం పెద్దతో పెట్టించండి, గడువు తేదీ లేకుండా తీసుకోకండి. తేదీ, సిస్టమ్ పేరు కనపడని స్క్రీన్‌షాట్ ఆడిటర్ ముందు దేనికీ పనికిరాదు. తాత్కాలిక సిబ్బందికి లాగిన్ ఇచ్చే రోజే ముగింపు తేదీ పెట్టించండి, జనవరిలో ఆ లాగిన్లు వెతికి తీసేయడానికి ఎవరికీ ఓపిక ఉండదు.