వానాకాలంలో సోలోకు వెళ్తున్నారా? దిగాల్సిన పొలం ముందే చూసుకోండి

జూన్ దాటితే నాగార్జునసాగర్ చుట్టుపక్కల పైనుంచి చూస్తే అంతా పచ్చగా, చదునుగా ఉంటుంది. ఒకే ఇంజిన్ ఉన్న చిన్న సెస్నా విమానంలో ఒంటరిగా (సోలో) వెళ్లే ట్రైనీలకు నేను మొదట చెప్పేది ఒక్కటే: ఇంజిన్ ఆగి పొలంలో దిగాల్సి వస్తే ఆ పచ్చదనాన్ని నమ్మకండి.

దమ్ము చేసిన మడి పైనుంచి చాప పరిచినట్టే కనిపిస్తుంది. అందులో దిగితే ముందు చక్రం బురదలో కూరుకుపోయి విమానం బోల్తా పడొచ్చు. పొలం అద్దంలా మెరిసిందంటే నీళ్లున్నట్టే, దాన్ని వదిలేయండి. ఎండిన చెలకో, బీడు భూమో వెతకండి. దున్నిన చేను తప్ప వేరే దారి లేకపోతే చాళ్ల వెంబడే దిగాలి. కరెంటు తీగలు పైనుంచి కనిపించవు, స్తంభాలే కనిపిస్తాయి. బోరు మోటార్లున్న చోట ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీగలు నాలుగు వైపులకూ పోతాయి. వీలైతే ఒక ఆదివారం ఆ గట్ల మీద నడిచి రండి. ఏ నెలలో ఏ చేను తడిగా ఉంటుందో రైతు చెప్పినంత బాగా మ్యాపు చెప్పదు.

రాత్రి వాన పడితే మర్నాడు ఫ్యూయల్ డ్రెయిన్ చేసేటప్పుడు, అంటే నీళ్లు చేరాయేమో చూడటానికి అడుగు నుంచి కొంచెం ఇంధనం తీసేటప్పుడు తొందరపడొద్దు. ఒకసారి నా చేతిలోని గాజు కప్పులో, నీలం రంగు అవ్‌గ్యాస్ (విమాన పెట్రోలు) అడుగున కందిగింజంత నీటి చుక్క అటూ ఇటూ దొర్లింది. చుక్క రాకుండా పోయేదాకా మళ్లీ మళ్లీ తీశాను. సెస్నా 172ఎస్ మోడల్‌లో ఇలా తీసే డ్రెయిన్లు 13 ఉంటాయి. ఒక్కటీ వదలొద్దు.

గాల్లో ఇంజిన్ ఆగితే టెన్షన్ సహజమే. ముందు ముక్కు సరిచేసి వేగం పట్టండి: నిండు బరువున్న 172ఎస్‌కు 68 నాట్లు, సెస్నా 152కు 60. గాలి లేకపోతే ప్రతి 1000 అడుగుల ఎత్తుకు 172 సుమారు 2.7 కిలోమీటర్లు జారుతుంది. పొలం ఖాయం చేసుకున్నాకే ఫ్యూయల్ సెలెక్టర్, మిక్స్చర్ (ఇంధనం, గాలి పాళ్లు), పంపు, మాగ్నెటోలు (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి) చూడండి. 152లో అయితే కార్బ్యురేటర్‌లోకి వేడిగాలి పంపే కార్బ్యురేటర్ హీట్ కూడా లాగండి, మన ఉక్కపోతలోనూ అందులో మంచు పట్టొచ్చు. తర్వాత రేడియోలో మేడే (ఆపద) పిలుపు, రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్‌లో ఆపద కోడ్ 7700.

టేకాఫ్ అయిన వెంటనే, తక్కువ ఎత్తులో ఆగితే మాత్రం రన్‌వే వైపు తిరగొద్దు. ఈ ఒక్క మాట ఎన్నిసార్లయినా చెబుతాను. ఆ మలుపులోనే విమానం స్టాల్ అయి, అంటే రెక్కలు మోసే బలం కోల్పోయి కూలుతుంది. ఎదురుగా, కొద్దిగా అటో ఇటో ఏది దొరికితే అక్కడే దిగండి.

నేల తాకే ముందు బెల్టులు బిగించి, ఫ్యూయల్, మాగ్నెటోలు ఆపండి. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచు రేకులు) దించాక మాస్టర్ (కరెంటు) స్విచ్ ఆఫ్. తలుపుల గడి తీసే ఉంచండి, దెబ్బకు ఫ్రేము వంగితే అవి తెరుచుకోవు.

సోలో ముందురోజు సాయంత్రం, ఆగి ఉన్న విమానంలో ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని, కళ్లు మూసుకుని ఒక్కో స్విచ్ పేరు చెబుతూ తాకండి. చెయ్యి తడుముకోకుండా వెళ్లేదాకా సీటు దిగొద్దు.