తరగతి గదిలో పరిశోధన: సైన్స్ టీచర్లకు ఎదురయ్యే చిక్కులు, బయటపడే దారులు

సమస్య: నెల గడిచినా ఏం కొలవాలో తేలడం లేదు

తప్పు సాధారణంగా ప్రశ్నలోనే ఉంటుంది. "ప్రయోగాలు చేయిస్తే పిల్లలకు సైన్స్ మీద ఆసక్తి పెరుగుతుందా?" అన్నది మంచి ప్రశ్నే గానీ, ఒక్క టీచరు కొన్ని వారాల్లో తేల్చగలిగేది కాదు. ఒకే పాఠం, ఒకే అపోహ తీసుకోండి. కరెంటు బల్బులో కొంత ఖర్చయిపోతుందని చాలామంది పిల్లలు నమ్ముతారు. బల్బుకు అటొకటి ఇటొకటి అమ్మీటర్లు (కరెంటును కొలిచే మీటర్లు) పెట్టి, రీడింగులు ఎలా ఉంటాయో ముందే ఊహించి రాయమంటే ఆ నమ్మకం మారుతుందా? ఇదైతే కొలవొచ్చు.

సమస్య: మార్కులు పెరిగాయి, అది నా పద్ధతి వల్లేనా?

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే. ముందు పరీక్ష పెట్టకపోతే పిల్లలు ఎక్కడ మొదలయ్యారో తెలియదు. పెట్టి, తర్వాత కూడా అవే ప్రశ్నలిస్తే జవాబులు గుర్తుండి రాసేస్తారు. కంటికి కనిపించని పొరపాటు ఇంకొకటుంది: బాగా తక్కువ మార్కులు వచ్చినవాళ్లనే ఎంచుకోవడం. ఒంట్లో బాగోకో, తొందరలోనో ఆ రోజు సరిగా రాయనివాళ్లు వాళ్లలో ఉంటారు. మనమేమీ చేయకపోయినా తర్వాతి పరీక్షలో వాళ్ల మార్కులు కొంత సగటు వైపు జరుగుతాయి.

పరిష్కారం: సెక్షను మొత్తానికీ ముందు పరీక్ష పెట్టండి. తర్వాత అదే భావనను వేరే సర్క్యూట్‌తో అడగండి. తరగతి సగటు ఎన్ని శాతాలు పెరిగిందో చూసి, దాన్ని ముందు పరీక్షలో వందకు ఎంత తక్కువ పడిందో ఆ శాతంతో భాగించండి. 40 నుంచి 70కి వస్తే 30 బై 60, అంటే 0.5. 70 నుంచి 85కి వచ్చినా 0.5. తరగతులు వేర్వేరు చోట్ల మొదలైనా పోల్చుకోవచ్చు. 1998లో అమెరికా భౌతికశాస్త్ర అధ్యాపకుడు రిచర్డ్ హేక్ ఈ లెక్కతోనే 6,542 మంది భౌతికశాస్త్ర విద్యార్థుల ఫలితాలు పరిశీలించారు. మామూలు పద్ధతిలో నడిచిన కోర్సుల సగటు 0.23 ఉంటే, విద్యార్థులు చేస్తూ, చర్చించుకుంటూ నేర్చుకున్న కోర్సులది 0.48.

సమస్య: పోలిక కోసం రెండో సెక్షనుకు కొత్త పద్ధతి ఆపాలంటే మనసొప్పడం లేదు

ఒప్పకూడదు కూడా. ఈ పాఠానికి ఒక సెక్షను, వచ్చే పాఠానికి రెండోది. వంతులు మార్చండి.

సమస్య: పిల్లలు నాకు నచ్చే జవాబులే రాస్తున్నారు

మార్కులు వేసేదీ మీరే, పరిశోధన చేసేదీ మీరే. పిల్లలకు ఆ సంగతి తెలుసు. పేర్ల బదులు కోడ్ నంబర్లు ఇచ్చి, ఆ జాబితా తోటి టీచరు దగ్గర ఉంచండి. పాల్గొనకపోయినా మార్కులు తగ్గవని ముందే చెప్పండి, తల్లిదండ్రుల అనుమతీ తీసుకోండి. "పాఠం నచ్చిందా?" అని అడక్కండి, "ఎందుకలా అనుకున్నావు?" అని అడగండి.

సమస్య: వీడియోలు, నోట్సులు పేరుకుపోయాయి, చూసే తీరిక లేదు

అంత సేకరించడమే పొరపాటు. పీరియడ్ చివర అయిదు నిమిషాలు, ఒక్క ప్రశ్న, ఒక్క చీటీ చాలు. ఆ సాయంత్రమే మూడు కుప్పలు చేయండి: జవాబూ కారణమూ సరైనవి, జవాబు సరైనదే గానీ కారణం తప్పు, రెండూ తప్పు. మధ్య కుప్పను నిదానంగా చదవండి. "రెండు రీడింగులూ సమానం, ఎందుకంటే బల్బు చిన్నది కాబట్టి ఎక్కువ వాడుకోలేదు" అని రాసిన పిల్లవాడు మార్కుల పట్టికలో కనిపించడు. మర్నాటి పాఠం ఆ చీటీతో మొదలుపెట్టండి.