రోహిణి కార్తెకు నిలిచే మొక్కలను ఎంచుకోవడం ఎలా

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలన్న మాటలో, రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల గడిపినవారికి అతిశయోక్తి ఏమీ కనిపించదు. అలాంటి చోట పెరటి తోట వేయదలచినవారు మొక్క కొనడానికి ముందు తమ ఇంటి మీద పడే ఎండ ఎటువంటిదో గమనించుకోవాలి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ వీచే పొడి వడగాలి, వేరు అందించగలిగినదానికంటే వేగంగా ఆకులోని తేమను లాగేస్తుంది. కోస్తాలో ఉక్కపోత వల్ల ఆకు అంత త్వరగా వాడకపోయినా, రాత్రి చల్లబడదు, తెగుళ్ళూ త్వరగా సోకుతాయి. అనంతపురంలో హాయిగా పెరిగే అడీనియం (ఎడారి గులాబీ), మచిలీపట్నంలో నీరు నిలిచే మట్టిలో నాటితే మొదలు కుళ్ళిపోతుంది. ఇంట్లోనూ అన్ని చోట్లా వేడి ఒకటి కాదు. పడమటి గోడ, మిద్దె శ్లాబు పొద్దు గూకిన తరువాత కూడా చాలాసేపు సెగ కక్కుతూనే ఉంటాయి కనుక, అన్నిటికంటే గట్టి మొక్కలను అక్కడికే కేటాయించాలి.

కూరగాయల విషయంలో మొక్క బతుకుతుందా అన్నది ఒక ప్రశ్న, కాస్తుందా అన్నది మరొకటి. చాలామంది మొదటిదే అడిగి నష్టపోతారు. టమాటా మొక్క మే నెలలోనూ పచ్చగానే కనిపించవచ్చు. కానీ పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా తగినంత తగ్గకపోతే పుప్పొడి పనిచేయక పూత రాలిపోతుంది. క్యాప్సికం సంగతీ అంతే. ఎంత ఎరువు వేసినా ఆ పూత నిలవదు కాబట్టి, వాటిని శీతకాలానికి వదిలి, వేసవికి బెండ, గోరుచిక్కుడు, అలసంద, దోస వంటివి ఎంచుకోవడమే మంచిది. వీటి విత్తనాలను జనవరి చివరి నుంచి ఫిబ్రవరి లోపల వేస్తే, ఎండ ముదిరేసరికి వేళ్ళు లోతుకు దిగి ఉంటాయి.

ఆకుకూరల్లో తోటకూరను మించినది లేదని నా నమ్మకం. మండే ఎండలో కూడా వెలుతురును వృథా చేయకుండా ఆహారంగా మార్చుకోగల మొక్కల వర్గానికి చెందినది అది. గంగవాయిలి, అంటే కొన్ని ప్రాంతాల్లో గంగపాయల కూర, ఇంకా నేర్పరి: నీటి ఎద్దడి వచ్చినప్పుడు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీల్చుకుంటుంది. కలుపు అని పీకి పారేస్తున్న ఈ మొక్కకు ఒక కుండీ ఇవ్వమని కోరుతున్నాను. పాలకూర, కొత్తిమీరలను మాత్రం వేసవిలో షేడ్‌ నెట్‌ నీడ లేకుండా ప్రయత్నించవద్దు.

పూలలో మల్లె ఎండాకాలానిదే. చలికాలంలో కొమ్మలు కత్తిరించి ఎరువు వేస్తే, వేసవి తొలి వేడికే కొత్త చిగుళ్ళతో మొగ్గ తొడుగుతుంది. కాగితం పూల తీగకు నీరు ఎక్కువైతే ఆకే పెరుగుతుంది, పూలు తగ్గుతాయి. బిళ్ళగన్నేరు, నందివర్ధనం, నూరువరహాలు కూడా నమ్మదగినవే. గన్నేరు ఎంత ఎండనైనా ఓర్చుకుంటుంది కానీ, దాని ప్రతి భాగమూ విషపూరితం. పసిపిల్లలు, పశువులు తిరిగే చోట దానిని నాటకూడదు.

నేల ఉన్నవారు మునగ, కరివేపాకు, దానిమ్మ, సీతాఫలం వేసుకోవచ్చు. ఇలాంటి బహువార్షిక మొక్కలను వేసవిలో కాక, తొలకరి తరువాత నాటితే, మరుసటి ఎండాకాలానికి వేరు స్థిరపడి ఉంటుంది.

నర్సరీలో నిండా పూసిన పెద్ద మొక్క మీదికి చూపు పోవడం సహజమే అయినా, గుబురుగా, దృఢమైన కాండంతో, వేళ్ళు సంచిలో చుట్టలు చుట్టుకోకుండా ఉన్న చిన్న మొక్కనే తీసుకోవాలి. అక్కడ అది చాలావరకు నెట్‌ నీడలో పెరిగి ఉంటుంది కనుక, తెచ్చిన రోజే నడినెత్తి ఎండలో పెడితే ఆకులు మాడిపోతాయి. మొదట ఉదయపు ఎండ మాత్రమే తగలనిచ్చి, వారం పది రోజుల్లో క్రమంగా అలవాటు చేయాలి. నల్లని ప్లాస్టిక్‌ కుండీల్లో మట్టి వేడెక్కి వేళ్ళు దెబ్బతింటాయి కనుక, మిద్దె మీద మట్టి కుండీలు లేదా లేత రంగు కుండీలు వాడి, పైన రెండంగుళాల మందాన వరిగడ్డి గానీ ఎండుటాకులు గానీ పరిచి, తెల్లవారుజామునే వేళ్ళ దాకా తడిసేలా నీరు పెట్టాలి.