డీఎంఏ పెట్టాక పక్క వేరియబుల్ పాడవుతోందా? ఎస్‌టీఎం32 హెచ్7లో సమస్య - పరిష్కారం

సమస్య: ఎస్‌టీఎం32 హెచ్7 మైక్రోకంట్రోలర్‌లో యూఆర్ట్‌తోనో ఎస్‌పీఐతోనో (రెండూ సీరియల్ లింకులు) వచ్చే డేటాను డీఎంఏ ద్వారా, అంటే సీపీయూ ప్రమేయం లేకుండా ర్యామ్‌కు చేర్చే హార్డ్‌వేర్‌తో, తీసుకుంటున్నారు. ఒక్కోసారి పాత బైట్లే మళ్లీ కనిపిస్తాయి. ఆ డేటాతో ఏ సంబంధమూ లేని కౌంటర్ ఉన్నట్టుండి వెనక్కి పోతుంది. అదే కుటుంబంలోని ఎఫ్4 బోర్డు మీద ఇదే కోడ్ బాగా నడిచింది.

ముందు బఫర్ (డీఎంఏ డేటా రాసే అర్రే) ఎక్కడ పెట్టారో చూడండి. దయచేసి ఇది దాటేయకండి. ఫంక్షన్ లోపల లోకల్‌గా పెడితే, డీఎంఏ పని పూర్తయ్యేలోపే ఫంక్షన్ ముగుస్తుంది. ఆ స్టాక్ చోటు వేరే ఫంక్షన్ వాడుకుంటుంటే డీఎంఏ దాని మీదే రాస్తుంది. స్టాటిక్ చేయండి. తర్వాత పొడవు. డీఎంఏకి ఇచ్చేది బైట్ల లెక్క కాదు, ఐటమ్‌ల లెక్క. 16 బిట్ల ఏడీసీ (అనలాగ్‌ను అంకెలుగా మార్చే భాగం) రీడింగులకు బైట్లలో లెక్కిచ్చే సైజాఫ్ ఇస్తే బఫర్‌కు రెట్టింపు రాస్తుంది. మ్యాప్ ఫైల్లో (ఏ వేరియబుల్ ఏ అడ్రస్‌లో ఉందో లింకర్ రాసే జాబితా) బఫర్ డీటీసీఎంలో (సీపీయూకి నేరుగా కలిపిన ర్యామ్) ఉంటే అక్కడి నుంచి మార్చండి, హెచ్7లో డీఎంఏ1, డీఎంఏ2 దాన్ని అందుకోలేవు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తగ్గలేదంటే డేటా క్యాష్‌ని (ర్యామ్ డేటా కాపీని సీపీయూ దగ్గర ఉంచే చిన్న వేగమైన మెమరీ) అనుమానించండి. ఎఫ్4లో ర్యామ్‌కు క్యాష్ లేదు, హెచ్7లోని కార్టెక్స్-ఎం7కి ఉంది. డీఎంఏ నేరుగా ర్యామ్‌లో రాస్తుంది, సీపీయూ తన దగ్గరున్న పాత కాపీ చదువుతుంది. అందుకని అందరూ ఇన్‌వాలిడేట్ కాల్ (క్యాష్‌లోని కాపీని పారేసే ఫంక్షన్) పెడతారు. పాత బైట్లు పోతాయి, కానీ కౌంటర్ గొడవ అక్కడే మొదలవుతుంది.

క్యాష్ డేటాను లైన్ల లెక్కన మాత్రమే తెస్తుంది, పారేస్తుంది; ఒక్కో క్యాష్ లైన్ 32 బైట్లు. బఫర్ లైన్ మొదట్లో మొదలై 20 బైట్లే ఉంటే, మిగతా 12 బైట్లలో లింకర్ మీ కౌంటర్‌ను కూర్చోబెట్టొచ్చు. కౌంటర్ కొత్త విలువ ఇంకా క్యాష్‌లోనే ఉండగా ఇన్‌వాలిడేట్ చేశారా, లైన్ మొత్తం పోతుంది, కౌంటర్ పాత విలువకు వెళ్తుంది. తిరగేసి కూడా జరుగుతుంది: ఆ లైన్ ర్యామ్‌కు వెళ్లేటప్పుడు డీఎంఏ అప్పుడే పెట్టిన బైట్ల మీద పాతవి రాసేస్తుంది. డీబగ్గర్‌లో వాచ్‌పాయింట్ (వేరియబుల్‌లో రాయగానే ఆపేది) పెట్టినా దొరకదు, ఎందుకంటే ఆ పాత విలువను ఏ ఇన్‌స్ట్రక్షనూ రాయలేదు.

తేల్చుకోవాలంటే డీ-క్యాష్‌ను (డేటా క్యాష్) ఎనేబుల్ చేసే కోడ్ లైన్‌ను కాసేపు కామెంట్ చేయండి. సమస్య మాయమైతే, మ్యాప్ ఫైల్లో కౌంటర్, బఫర్ ఒకే 32 బైట్లలో ఉన్నాయేమో చూడండి. క్యాష్‌ను అలాగే ఆపేసి ఊరుకోవద్దు, వేగం బాగా పడిపోతుంది.

పరిష్కారం: బఫర్ మొదలయ్యే అడ్రస్‌ను 32కి అలైన్ చేయండి, సైజును కూడా 32 గుణిజానికి పెంచండి. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు. రిసీవ్ మొదలుపెట్టే ముందు ఒకసారి, పూర్తయ్యాక చదివే ముందు మరోసారి ఇన్‌వాలిడేట్ చేయాలి. మధ్యలో సీపీయూ తనంతట తానే పాత డేటాను క్యాష్‌లోకి లాగొచ్చు. పంపేటప్పుడు మాత్రం ముందుగా క్లీన్ చేయాలి, అంటే క్యాష్‌లోని కొత్త డేటాను ర్యామ్‌కు రాయించాలి. చిన్న బఫర్లు చాలా ఉంటే అన్నిటినీ ఒకే సెక్షన్‌లో పెట్టి, ఎంపీయూతో (మెమరీ భాగాలకు నియమాలు పెట్టే యూనిట్) ఆ భాగాన్ని నాన్-క్యాషబుల్ (క్యాష్‌లోకి రానిది) చేయండి. నేనైతే ఇదే చేస్తాను, ఏ కాల్ మర్చిపోయామన్న టెన్షన్ ఉండదు.

పవర్ నాయిస్, చిప్ ఎరాటా (చిప్‌లోనే ఉన్న లోపాలు) లాంటివీ ఉంటాయి, కానీ అరుదు. ప్రతిసారీ అదే వేరియబుల్ పాడవుతుంటే వాటి జోలికి వెళ్లనక్కర్లేదు.