బరువు తగ్గే సర్జరీ: ఎవరికి చెప్పాలి, ఎవరికి అక్కర్లేదు

నోరు దాటిన మాటను వెనక్కి తీసుకోలేం కాబట్టి, చెప్పేముందే ఇవి చూసుకోండి.

- డాక్టర్ల దగ్గర దాపరికం వద్దు, పళ్ల డాక్టరైనా సరే. ముఖ్యంగా గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెకు చేసేది కాదు, కడుపును చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్) అయినవాళ్లకు ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలతో కడుపులో పుండ్లు పడే ప్రమాదం ఉంది.
- ఇంట్లో కనీసం ఒక్కరికైనా అంతా తెలియాలి. ఆపరేషన్ తర్వాత జ్వరం, గుండెదడ, తగ్గని కడుపునొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది వాళ్లే. ఇది తప్పనిసరి అంటాను. వాళ్లు ఇంకెవరికీ చెప్పకూడదనుకుంటే ఆ మాట అప్పుడే చెప్పేయండి.
- ఆఫీసులో "ఆపరేషన్ ఉంది, సెలవు కావాలి" అని మొదలుపెడితే చాలు. సర్టిఫికెట్‌లో ఏం రాస్తారో డాక్టర్ని ముందే అడగండి.
- బంధువులకు, స్నేహితులకు చెప్పకపోతే అబద్ధమాడినట్టు కాదు. కానీ "డైటింగ్‌తోనే తగ్గాను" అని మాత్రం అనకండి; అది నమ్మి కడుపు మాడ్చుకునేవాళ్లుంటారు, పాపం. విందులో నాలుగు ముద్దలకే చెయ్యి కడిగేసినా, కొన్ని నెలలకు జుట్టు రాలినా ప్రశ్నలు ఎలాగూ వస్తాయి. "డాక్టరు కొంచెం కొంచెంగా తినమన్నారు" లాంటి నిజమైన జవాబొకటి సిద్ధంగా ఉంచుకోండి.
- "సులువు దారి పట్టావు" అనే రకం మనిషికి ఆపరేషన్‌కు ముందు అసలు చెప్పకండి. కోలుకున్నాక, అదీ మీకు చెప్పాలనిపిస్తేనే.