కౌన్సిల్ ఇచ్చిన ఈక్వాలిటీ మాటని వాడుకోడం ఎలా

ఇంగ్లండ్‌లో ఏ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) ఆఫీసుకెళ్లినా గోడ మీద ఒక పోస్టర్ ఉంటది, మాకు అందరూ సమానమే, డైవర్సిటీయే మా బలం అని, అందులో చీర కట్టుకున్న పెద్దావిడ గ్యారంటీ. నేనూ చాన్నాళ్లు అది సంక్రాంతి శుభాకాంక్షల ఫ్లెక్సీ లాంటిదే అనుకున్నా. కానీ దాని వెనక చట్టం ఉంది, ఈక్వాలిటీ యాక్ట్ 2010, సెక్షన్ 149. కౌన్సిల్ ఏ నిర్ణయం తీసుకున్నా దానివల్ల వివక్ష తగ్గుతుందా, వెనకబడ్డవాళ్లకి అవకాశం వస్తుందా, రకరకాల జనం కలిసి ఉండటానికి పనికొస్తుందా అని ఆలోచించి తీరాలి. అదీ నిర్ణయానికి ముందే, కిటుకంతా అక్కడే ఉంది.

ఇప్పుడు మీ ఏరియాలో పెద్దవాళ్లు వెళ్లే డే సెంటర్ మూసేస్తాం అన్నారనుకోండి. ఇది రేసిజం అని కోపంగా మెయిల్ కొట్టకండి, నేను కొట్టా, తియ్యటి రిప్లై ఒకటొచ్చింది, అంతే సంగతులు. దాని బదులు ఒక్క ముక్క అడగండి: దీనికి ఈక్వాలిటీ ఇంపాక్ట్ అసెస్‌మెంట్ ఎప్పుడు చేశారు, కాపీ పంపండి. అంటే ఈ నిర్ణయం ఎవరి మీద ఎలా పడుతుందో ముందే అంచనా వేసి రాసే కాగితం. ఆ పేరుతో కాగితం ఉండాలని చట్టంలో లేదు గానీ, అది లేకపోతే మేం ముందే ఆలోచించాం అని చూపించుకోడం వాళ్లకే కష్టం. పంపకపోతే ఎఫ్‌ఓఐ (ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్) అర్జీ పెట్టండి, మన ఆర్టీఐ లాంటిదే, మెయిల్ చాలు, 20 వర్కింగ్ డేస్‌లో జవాబివ్వాలి, ఏ వీసా మీద ఉన్నా అడగొచ్చు.

కాపీ వచ్చాక ముందు డేట్ చూడండి, ఆ నిర్ణయం మీద కౌన్సిల్‌లో ఓటింగ్ అయ్యాక రాసిందైతే దొరికిపోయినట్టే. తర్వాత ఎవరి మీద ఎంత ప్రభావమో రాసే గడులు చూడండి. వయసు, వైకల్యం, జాతి, మతం, ఇలా మొత్తం 9 ఉంటాయి (కులం మాత్రం పేరు పెట్టి లేదు, 2018లో ప్రభుత్వం చేర్చం అనేసింది). అన్నింట్లో ప్రభావం లేదు అని ఒకటే లైన్ కాపీ పేస్ట్ చేసుంటే, ఎవర్ని అడిగి రాశారు, ఏ లెక్కలు చూశారు అని అక్కడ పట్టుకోండి.

ఇదేం పనికొస్తుందిలే అనుకునేవాళ్లకి లండన్‌లోని ఈలింగ్ కౌన్సిల్ సంగతి చెప్పాలి. గృహహింస పడే ఆసియా, ఆఫ్రో కరీబియన్ ఆడవాళ్లకి సాయం చేసే సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే సంస్థకి ఫండింగ్ ఆపేసి, అందరు ఆడవాళ్లకీ కలిపి ఒకటే సర్వీస్ పెడతాం అంది కౌన్సిల్, అదీ సమానత్వం పేరు చెప్పి! 2008లో వాళ్లు హైకోర్టుకెళ్తే, అసెస్‌మెంట్ సరిగ్గా ముందే చేయలేదని తేలి కౌన్సిల్ విచారణ మధ్యలోనే వెనక్కి తగ్గింది. అప్పటికి ఈ యాక్ట్ కూడా రాలేదు, పాత రేస్ రిలేషన్స్ చట్టంతోనే.

అయితే అసెస్‌మెంట్ బాగా చేసి కూడా సెంటర్ మూసేయొచ్చు, అది నిజమే. అందుకే మీ వార్డ్ కౌన్సిలర్‌ని కూడా కలవండి, ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వర్క్ వీసా మీద ఉన్నా ఇక్కడ కౌన్సిల్ ఎలక్షన్‌లో మనకి ఓటుంది, రిజిస్టర్ చేసుకోండి చాలు. కౌన్సిల్‌లో కంప్లైంట్ స్టేజీలన్నీ అయినా తేలకపోతే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్ ఉంది, ఫ్రీ, మామూలుగా విషయం తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి. కోర్టు ఆలోచన ఉంటే మాత్రం ఆగొద్దు, జుడీషియల్ రివ్యూకి (నిర్ణయం చట్టప్రకారం తీసుకున్నారా అని కోర్టు చూసే కేసు) గడువు మహా అయితే 3 నెలలు, కంప్లైంట్ నడుస్తోంది కదా అని గడియారం ఆగదు.