బస్తర్ గ్రామాల్లో సామాజిక అటవీ వనరుల హక్కుకు దరఖాస్తు విధానం

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ మద్దతుతో సల్వాజుడుం మొదలైన తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్‌లో వందలాది గ్రామాలు ఖాళీ అయ్యాయి. అడవి దారుల్లో గోదావరి వైపు వచ్చి భద్రాచలం పరిసరాల్లో తలదాచుకున్న కుటుంబాలు ఎన్నో. ఊరు మళ్లీ నిలబడిన చోట పట్టా భూమి ఎంత ముఖ్యమో, ఊరంతా కలిసి బతికే అడవి మీద నిర్ణయాధికారం కూడా అంతే ముఖ్యం. ఆ అధికారాన్ని 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టంలోని సెక్షన్ 3(1)(ఐ) గ్రామసభకు ఇస్తుంది. తరతరాలుగా తాము కాపాడుకుంటూ వస్తున్న అడవిని సంరక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే ఈ హక్కునే సామాజిక అటవీ వనరుల హక్కు అంటారు. దానికి దరఖాస్తు ఎలా చేయాలో, ముఖ్యంగా కాగితాలు కాలిపోయిన, పెద్దలు చెదిరిపోయిన ఊళ్లు ఎక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ వివరిస్తున్నాం.

ఈ హక్కు కోసం నింపవలసింది ఫారం-సి. వ్యక్తిగత సాగు భూమికి ఫారం-ఎ, మేత, చేపలు, అటవీ ఉత్పత్తుల సేకరణ వంటి సామాజిక హక్కులకు ఫారం-బి ఉన్నాయి. ఫారం-సి 2012 సెప్టెంబరులో సవరించిన నియమాలతో వచ్చింది. దరఖాస్తు ఫారాలను ఉచితంగా అందుబాటులో ఉంచడం ఉప విభాగ స్థాయి కమిటీ (గ్రామసభకు, జిల్లా కమిటీకి మధ్య క్లెయిములను పరిశీలించే అధికారిక కమిటీ) బాధ్యత కాబట్టి వాటి కోసం ఎవరికీ డబ్బు చెల్లించనక్కరలేదు. ఈ హక్కు గ్రామసభది. అటవీ శాఖ నడిపే ఉమ్మడి అటవీ నిర్వహణ పథకం కింద ఏర్పడిన సమితి పేరిట ఎవరైనా దరఖాస్తు రాసి తెస్తే, దాని మీద సంతకాలు చేయకుండా గ్రామసభ పేరిటే కొత్తగా రాయించాలి.

మొదటి పని గ్రామసభ. షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ మొత్తానికి ఒకే సభ జరపాలన్న నిర్బంధం లేదు. ఒక గూడెం, ఒక పల్లె విడిగా గ్రామసభగా కూర్చోవచ్చు. ఆ సభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. అందులో కనీసం మూడింట రెండు వంతులు షెడ్యూల్డ్ తెగలవారు, మూడింట ఒక వంతు మహిళలు ఉండాలి. కమిటీ తన అధ్యక్షుణ్ణి, కార్యదర్శిని ఎన్నుకుని ఆ సంగతి ఉప విభాగ స్థాయి కమిటీకి రాతపూర్వకంగా తెలపాలి. ఇక కోరం విషయంలో ఎంత జాగ్రత్త పడినా తక్కువే: గ్రామసభ సభ్యుల్లో సగానికి తగ్గకుండా హాజరు కావాలి, హాజరైనవారిలో మూడింట ఒక వంతు మహిళలు ఉండాలి. పని కోసం బయటికి వెళ్లినవారు ఎక్కువగా ఉన్న ఊళ్లు, వారు తిరిగి వచ్చే రోజులు చూసుకుని సభ పెట్టుకోవడం మేలు. మినిట్స్ పుస్తకంలో సంతకాలు, వేలిముద్రలు అన్నీ అదే రోజు పడాలి.

తర్వాతది పటం, దరఖాస్తుకు ప్రాణం ఇదే. పెద్దలు, ఇప్పపువ్వు, తునికాకు ఏరే మహిళలు, పశువులను మేపేవారు కలిసి హద్దుల వెంట నడిచి వాగులు, గుట్టలు, వేల్పుల స్థలాలు, శ్మశానాలు, పాత బావులు, మేత బీళ్లు, దుంపలు తవ్వుకునే చోట్లు గుర్తించాలి. జీపీఎస్‌తో కొలిస్తే మంచిదే, అయితే గుర్తుపట్టగల ఆనవాళ్లతో గీసిన పటం కూడా చెల్లుతుంది. సంప్రదాయ హద్దు రిజర్వు ఫారెస్టు గీతతో కలవకపోయినా, అభయారణ్యంలోకి, జాతీయ పార్కులోకి వెళ్లినా క్లెయిము చేయడానికి అడ్డు లేదని చట్టం, ఫారం కలిపి చదివితే తెలుస్తుంది. అటవీ శాఖ అడవిని భాగాలుగా విడగొట్టి ఇచ్చే కంపార్టుమెంటు నంబర్లు తెలిస్తేనే రాయాలి. తెలియవని పని ఆపకూడదు.

పొరుగు ఊరితో హద్దు తగాదా ఉంటే, లేదా ఒకే అడవిని రెండు ఊళ్లు వాడుకుంటుంటే, రెండు కమిటీలూ కలిసి కూర్చుని తేల్చుకోవాలి. కుదరకపోతే విషయం ఉప విభాగ స్థాయి కమిటీకి వెళుతుంది. ఘర్షణ కాలంలో ఊళ్ల మధ్య మిగిలిన అనుమానాలు ఈ దశలోనే బయటపడతాయి కనుక తొందరపెట్టకుండా, అవసరమైతే అడవిని ఉమ్మడిగా పంచుకునే సంగతిని ఫారంలోనే రాసుకోవడం మంచిది.

సాక్ష్యాల విషయానికి వస్తే, ఒకటికి మించిన ఆధారాలు కావాలి. ఇల్లు కాలి కాగితాలన్నీ పోయినవారికి నియమాలు పెద్ద ఆసరా ఇస్తున్నాయి. పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెడితే అది ఆధారమే. పవిత్ర వృక్షాలు, సమాధులు, పాత కట్టడాల అవశేషాలు ఆధారాలే. ప్రభుత్వ సర్వే నివేదికలు, జనగణన పుస్తకాలు, అటవీ శాఖ పని ప్రణాళికలు కూడా ఆధారాలే. ఫలానా కాగితమే కావాలని పై కమిటీలు పట్టుబట్టకూడదు. ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యానికి తోడుగా మాత్రమే పనికివస్తుంది. పాత జరిమానా రసీదులను, అటవీ కేసులను మాత్రమే కారణంగా చూపి క్లెయిమును తిరస్కరించడానికీ వీల్లేదు. ఈ చివరి నిబంధనను కమిటీ సభ్యులందరూ నోటికి నేర్చుకోవాలని నా సలహా.

అటవీ హక్కుల కమిటీ అడవికి వెళ్లి క్లెయిమును పరిశీలించే రోజు గురించి అటవీ, రెవెన్యూ శాఖలకు ముందుగా రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోవాలి. వారు హాజరై, తమ అభిప్రాయం రాసి, హోదాతో తేదీతో సంతకం చేయాలి. పరిశీలన నివేదికను గ్రామసభ ఆమోదించాక తీర్మానం, ఫారం-సి, పటం, గ్రామసభ సభ్యుల జాబితా, సాక్ష్యాల జాబితా కలిపి ఉప విభాగ స్థాయి కమిటీకి ఇచ్చి, ప్రతి కాగితం నకలు ఊళ్లో భద్రపరచాలి. అక్కడి నుంచి ఫైలు కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీకి వెళుతుంది. అటవీ హక్కుల మీద ఆ కమిటీ నిర్ణయమే అంతిమం. గ్రామసభ తీర్మానాన్ని ఉప విభాగ స్థాయి కమిటీ మార్చినా తోసిపుచ్చినా ఆ సంగతి తెలియజేయాలి; అప్పటి నుంచి 60 రోజుల్లో పిటిషన్ వేసుకోవచ్చు. నోటిమాటగా కాలేదని చెబితే ఊరుకోకుండా, కారణాలతో కూడిన ఉత్తర్వును రాతలో అడగాలి.

2005 డిసెంబరు 13కు ముందే, పునరావాసం ఏమీ పొందకుండా, చట్టవిరుద్ధంగా అడవి నుంచి వెళ్లగొట్టబడినవారికి సెక్షన్ 3(1)(ఎం) కింద ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాస హక్కు ఉంది. అది వేరే క్లెయిము కాబట్టి ఫారం-సిలో కలపకూడదు.

హక్కు పత్రం చేతికి అందగానే చదివించుకోవాలి. చట్టంలో, నియమాల్లో ఉన్నవి తప్ప వేరే షరతులేవీ విధించడం లేదన్న వాక్యం దాని నమూనాలో ఉంది. అది కనిపించకపోయినా, కొత్త షరతు చేరినా వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. ఆ తర్వాత గ్రామసభ వన్యప్రాణులను, అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడే కమిటీని వేసుకుని నిర్వహణ ప్రణాళిక రాసుకుంటుంది. ఏ కూపులో (నరకడానికి గుర్తించిన అడవి భాగంలో) వెదురు కొట్టాలి, ఏ గుట్టను కొన్నేళ్లు వదిలేయాలి, మంటలను ఎవరు కాయాలి అన్నవి అందులో ఉండాలి. వెదురు, తునికాకు వంటి ఉత్పత్తుల రవాణా పర్మిట్లు జారీ చేసే అధికారం కూడా ఈ కమిటీదే. పక్కనే ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో 2009లో ఈ హక్కు పొందిన మెండా లేఖా గ్రామం 2011లో వెదురు పర్మిట్ల పుస్తకాన్ని తన చేతికి తెచ్చుకుంది. పర్మిట్ల విషయంలో స్థానిక కార్యాలయం సందేహం వ్యక్తం చేస్తే 2012 నియమాల్లోని 2(1)(డి) చూపించవచ్చు.